మోకాలి మొక్కు

రండమ్మా, చాప మీదికి జరగండి. గోడకి ఆనుకోండి, కాళ్ళు చాపుకోండి, ఇక్కడ మొహమాటాలేమీ లేవు. ఫ్యాను చప్పుడుకి నా మాట వినబడదేమో, ఇంకాస్త దగ్గరగా రండి. మా మరిది కాలి సంగతి చెబుతాను. మీరు ఇదివరకే వినే ఉంటారు. ఏలూరులో వీధికో రకంగా చెప్పుకున్నారు దాన్ని. మా ఇంట్లో జరిగింది మాత్రం ఇది.

మా అత్తగారి ఊరు కొల్లేటికోట. నేను కాపురానికి వెళ్ళేనాటికి మా మరిది లాగు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తే వయసులో ఉన్నాడు. అందుకే ఇప్పటికీ వాణ్ణి వాడనే అంటాను, ఏమీ అనుకోకండి. చుట్టూ నీళ్ళూ గట్లూ చేపల చెరువులే ఉన్న ఊళ్ళో ఫుట్‌బాల్ ఎక్కడ నేర్చాడని చాలామంది అడుగుతారు. చేపలు పట్టేశాక చెరువులో నీరు తోడేసి అడుగు ఎండబెడతారు. మళ్ళీ నీరు పెట్టేదాకా ఆ నెర్రెలు విచ్చిన నేలే వాళ్ళ మైదానం. దాని మీద బంతి ఎటు పోతుందో బంతికే తెలియదు. అలాంటి చోట ఆడి ఆడి, స్కూలు డ్రిల్లు మేష్టారి కంట్లో పడ్డాడు. ఆయన వాణ్ణి క్రీడల హాస్టలుకి పంపించారు. అక్కడి నుంచి పెరిగి పెద్దవాడై గోవాలో ఒక క్లబ్బుకి ఆడే ఉద్యోగంలో చేరాడు. కుడి గట్టు వెంబడి పరుగెత్తే పని వాడిది. గట్టు అంటే మైదానం అంచు. మా ఇంట్లో అలాగే అంటాం.

ఆ రోజు ఆట మా ఆయన ఫోనులో చూశాం. మా ఆయన చేపల ప్యాకింగుకి ఐసు తోలతారు. ఐసు పెట్టెకి ఫోను ఆనించి, పక్కన నన్ను కూర్చోబెట్టుకున్నారు. మా మరిది బంతి తీసుకుని వస్తున్నాడు. ఎదుటివాడు ఇంకా దూరంగానే ఉన్నాడు. వీడు ఒక్కసారి పక్కకి తిరగబోయి, తిరగలేక, కాలు అక్కడే ఉండిపోయి ఒళ్ళు మాత్రం తిరిగినట్టుగా కూలిపోయాడు. ఎవరూ తగల్లేదు. ఎవరూ తొయ్యలేదు.

అనుమానాలన్నీ అక్కడ పుట్టినవే. ఎవరైనా కాలు అడ్డుపెట్టి పడేసి ఉంటే ఊరంతా వాణ్ణి తిట్టి ఊరుకునేది. ఎవరూ తగలకుండా పడిపోయేసరికి తిట్టడానికి మనిషి దొరకలేదు. దాంతో పడినవాడి మీదే పడ్డారు.

"ఉత్తినే పడిపోతాడేంటండీ, ఎవడో చెయ్యి తడిపుంటాడు," అన్నాడట టీ కొట్టు దగ్గర ఒకాయన.

"రాత్రంతా తాగుంటాడు," అన్నాడట ఇంకొకాయన.

ఇవన్నీ మోసుకొచ్చి మా ఆయన నాకు చెప్పేవారు. చెప్పి, "నువ్వేమంటావు?" అనేవారు. ఆ అడగడంలోనే ఆయనకి కూడా కాస్త అనుమానం ఉందని నాకు తెలిసిపోయేది.

మోకాల్లో లోపలి లిగమెంటు తెగిందన్నారు. క్లబ్బువాళ్ళే ఆపరేషన్ చేయించారు. మా అత్తగారు కొల్లేటికోటలో అమ్మవారి ముందు నిలబడి మొక్కుకున్నారు. మావైపు ఏ అంగానికి ఆపద వస్తే ఆ అంగంతోనే మొక్కు తీరుస్తారు. కన్ను బాగోకపోతే వెండి కళ్ళు, గొంతు బాగోకపోతే ఆ గొంతుతోనే పాట. మరి మోకాలికో? "నా బిడ్డ మోకాలు బాగుచెయ్యి తల్లీ, వాడిచేత మోకాళ్ళ మీద నీ గుడి చుట్టూ తిరిగిస్తాను," అని మొక్కేశారు.

మా ఆయన నవ్వారు. "బాగైన మోకాల్ని మళ్ళీ పాడు చేయించడానికా అమ్మా?"

"నోరు ముయ్యరా! అమ్మవారితో ఎగతాళా? తోలే ఐసంతా దారిలోనే కరిగిపోతుంది నీకు," అన్నారావిడ.

కొన్నాళ్ళకి వాడు మళ్ళీ ప్రాక్టీసు మొదలుపెట్టానన్నాడు. ఆ తర్వాత ఎందుకో ఫోన్లు తగ్గిపోయాయి. ఆ తర్వాత ఒకనాటి పొద్దున, ఏలూరు పక్కన వట్లూరులో మేముండే మేడ ముందు ఆటో ఆగింది.

"సెలవిచ్చారు వదినా. కాలు తగ్గిపోయింది. కొన్నాళ్ళు రెస్టు తీసుకుని రమ్మన్నారు," అన్నాడు.

సంతోషంతో ఎదురెళ్ళాను. కానీ ఆటోలోంచి దిగుతున్న సామాను చూస్తుంటే ఆ సంతోషం కాస్త కాస్తగా తగ్గింది. పెట్టె దిగింది, సరే. తలగడ దిగింది. ఇస్త్రీ పెట్టె దిగింది. ఆ వెనక ప్లాస్టిక్ బకెట్టు, దాంట్లో మగ్గు, బట్టలు ఆరేసే తాడు, క్లిప్పులతో సహా. సెలవు మీద వచ్చినవాడు బకెట్టు తెచ్చుకుంటాడా చెప్పండి?

"అక్కడ దొంగలెక్కువా?" అని అడిగాను.

"ఎందుకు వదినా?"

"బకెట్టు కూడా వెంట తెచ్చుకున్నావు కదా అని."

నవ్వేసి బకెట్టు లోపలికి పట్టుకుపోయాడు. ఆ రోజు నుంచి నేను వాణ్ణి చూడటం మొదలుపెట్టాను. చూడటమంటే పనిగట్టుకుని వెంటపడటం కాదు. అన్నం వడ్డిస్తూ, బట్టలు మడతపెడుతూ, ఓరకంట.

నడక చక్కగా ఉండేది. మేడమెట్లు ఎక్కడమూ బాగానే ఎక్కేవాడు. దిగేటప్పుడు చూడనిచ్చేవాడు కాదు. "నువ్వు పద వదినా, చెప్పులు వేసుకొస్తాను," అనేవాడు. మా కింద వాటాలో దర్జీగారి కుటుంబం ఉంటుంది. ఆయన భార్య ఒకనాడు నీళ్ళ బిందె దింపుకుంటూ గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మీ మరిదిగారు దిగేటప్పుడు రెండు కాళ్ళ చప్పుడు ఒక్కలా ఉండదేంటి? ఒకటి దబ్బుమంటది, రెండోది అసలు వినబడదు. మా గది మెట్ల కిందే కదా, మిషను ఆపితే అంతా వినబడిపోద్ది."

"చెప్పులు వదులయ్యాయిలే," అన్నాను. ఆవిడ నమ్మలేదు. చెప్పిన నేనూ నమ్మలేదు.

ఇక మా అత్తగారికి వాడు ఫోనులో ఒకటే మాట చెప్పేవాడు, "తగ్గిపోయిందమ్మా." తగ్గిపోతే మొక్కు తీర్చాలి కదా! తీర్చకుండా మళ్ళీ ఆటకి వెళితే అమ్మవారికి కోపం రాదూ? ఆవిడ రోజు చూసి చెప్పడం, వీడు వాయిదా వెయ్యడం. ఒకసారి జలుబన్నాడు. ఒకసారి చుట్టాల్లో ఎవరిదో మైల అన్నాడు. ఆ మైల మాకు పట్టేది కాదని అత్తగారు వంశమంతా తిరగేసి చెప్పేసరికి, గుడి చుట్టూ బురదగా ఉందటగా అన్నాడు.

"కొల్లేటికోటలో పుట్టి బురదంటావేంట్రా!" అని ఫోనులోనే అరిచారావిడ.

అత్తగారికి వాడి మీద అనుమానం నిలబడక అది నా మీదకి తిరిగింది. బతికున్న కొరమీనుల్ని మూత బిగించిన క్యానులో వేసి బస్సులో పంపించేవారు, పుండు మానడానికీ ఎముక బలానికీ మంచిదని. నేను మిరియాలు దంచి పులుసు పెట్టేదాన్ని. అయినా సరే, పొద్దున్నే ఫోను.

"అమ్మాయ్, వాడికి గోంగూర పెడుతున్నావా?"

"లేదండీ అత్తయ్యా."

"వంకాయ?"

"ఇంటికే తేవడం మానేశామండీ."

"మరి మొక్కంటే ఎందుకలా జారుకుంటున్నాడు? వాడు నీ దగ్గర ఏదో దాస్తున్నాడు. లేదంటే మీరిద్దరూ కలిసి నా దగ్గర దాస్తున్నారు."

మా ఆయన అనుమానం ఇంకో దారిది. తమ్ముడు స్నానానికి వెళ్ళినప్పుడు వాడి చొక్కా వాసన చూడటం నా కంట పడింది.

"ఏంటండీ ఆ పని?"

"ఏదో వాసన వస్తోందే. మందేమో!"

"సబ్బండీ అది. మీకు ఆ వాసన అలవాటు లేదులెండి."

ఇలా ఉండగా వాడు తాడేపల్లిగూడెం వెళ్ళడం మొదలుపెట్టాడు. పొద్దున్నే ప్యాసింజరు బండికి వెళ్ళి మధ్యాహ్నం దాటాక వచ్చేవాడు. "అక్కడ మంచి గ్రౌండు ఉంది వదినా, ప్రాక్టీసు," అనేవాడు. బూట్ల సంచీ కూడా భుజానికి తగిలించుకునే వెళ్ళేవాడు. కానీ బట్టలు ఉతికేది నేను కదా. పరుగెత్తినవాడి చొక్కా వీపు దగ్గర ఉప్పుచార కడుతుంది. వాడి చొక్కాకి మెడ దగ్గర ఎండా, దుమ్మూ తప్ప ఏమీ ఉండేది కాదు. ప్యాంటుకి పెట్టిన మడత పెట్టినట్టే తిరిగొచ్చేది. ఎండలో నిలబడి వస్తున్నాడు గానీ పరుగెత్తి రావట్లేదు. మరి గూడెంలో ఎవరికోసం నిలబడుతున్నట్టు? నిజం చెప్పొద్దూ, నేను ఒక ఆడపిల్లని కూడా ఊహించేసుకున్నాను. ఆ పిల్ల రంగు, ఒడ్డూ పొడుగూ కూడా అనుకున్నాను.

ఆ వారంలోనే మా అత్తగారు ఈసారి ఎవర్నీ అడక్కుండా ఆదివారం మొక్కు అని ఖాయం చేసేశారు. చుట్టాలకి కబుర్లు పంపేశారు. వాడు "సరేనమ్మా" అన్నాడు. అంత తేలిగ్గా సరేననడం నాకు నచ్చలేదు. మర్నాడు వాడు బయల్దేరిన కాసేపటికి, ఉల్లిపాయలు తెస్తానని మా ఆయనతో చెప్పి, వెనక బండికి నేనూ గూడెం వెళ్ళాను. గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు పెద్దది, అబద్ధమేమీ కాదు. ముందు అక్కడే ఒక సంచీ కొన్నాను, ఎవరైనా చూస్తే చెప్పుకోవడానికి ఉంటుందని. తర్వాత ఆటో అతన్ని బంతి ఆడే గ్రౌండు ఎక్కడుందని అడిగితే ఒక ప్రైవేటు స్కూలు దగ్గర దింపాడు.

గేటు చువ్వల్లోంచి చూశాను. పిల్లలు ఆడుతున్నారు. మా మరిది మెడలో విజిల్ వేసుకుని పక్కన నిలబడి చేతులతో చూపిస్తున్నాడు, అటు వెళ్ళు, ఇటు రా అని. ఇంతలో బంతి దొర్లుకుంటూ సరిగ్గా వాడి కాళ్ళ దగ్గరికి వచ్చింది. వాడు కాస్త వెనక్కి తగ్గాడు. నడుం వంచి, బంతిని రెండు చేతులతో ఎత్తి, పిల్లల వైపు విసిరాడు.

అంత పెద్ద ఆటగాడు బంతిని చేత్తో తీశాడమ్మా. నాకు ఇంకేమీ చూడక్కర్లేకపోయింది. సంచీ కింద పెట్టేసి అక్కడే నిలబడిపోయాను.

స్కూలు వదిలాక వాడు గేటు దగ్గరికి వచ్చి నన్ను చూసి కొయ్యబారిపోయాడు.

"నువ్వెందుకొచ్చావు వదినా?"

"ఉల్లిపాయలకి."

"ఏలూరులో దొరకవా?"

"దొరుకుతాయి. మరిది మాత్రం ఇక్కడే దొరుకుతాడని తెలిసింది."

కింద పెట్టిన సంచీ వాడే ఎత్తుకున్నాడు. స్టేషనులో బల్ల మీద కూర్చున్నాక, బండి వచ్చేలోగా అంతా చెప్పాడు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొన్నాళ్ళకే అతుకు వేసిన లిగమెంటు మళ్ళీ తెగిందట. ఈసారీ అంతే, ఎవరూ తగల్లేదు, తిరగబోతే తెగింది. ఇంకోసారి గట్టి దెబ్బ తగిలినా, మోకాలి మీద బరువు మోపినా నడకే కష్టమవుతుందని అక్కడి డాక్టరు తేల్చేశాడట. క్లబ్బువాళ్ళు మర్యాదగానే సెలవు చెప్పారట.

"తిన్నగా నడిస్తే ఏమీ లేదు వదినా. పక్కకి తిరిగానా, ఆ కాలు నాది కాదు. నా ఆటంతా పక్కకి తిరగడమే కదా."

"మరి తగ్గిపోయిందని ఎందుకన్నావు?"

"అందరూ నన్ను చూసేది చూశావు కదా. డబ్బు తిని పడిపోయాడన్నారు. ఇప్పుడు ఇక ఆడలేనంటే, చూశారా, క్లబ్బు తరిమేసింది, ఆ మాట నిజమే అంటారు. ఈ స్కూల్లో నెల రోజులు చూసి ఉద్యోగమిస్తామన్నారు. అది ఖాయమయ్యాక, ఆట నేనే వదిలేశానని అమ్మకి చెబుదామనుకున్నాను."

"ఆదివారం మొక్కో?"

వాడు పట్టాల వైపు చూశాడు. "తిరిగేస్తాను. ఒక్కసారే కదా. మోకాళ్ళ మీద తిరిగినవాణ్ణి ఎవరు అనుమానిస్తారు?"

"డాక్టరు వద్దన్నాడన్నావు!"

"అమ్మకి చెప్పకు వదినా. నా మీద ఒట్టు."

"ఒట్టు సంగతి తర్వాత. ఇంకేమైనా దాచావా?"

"అనుమానించడంలో పోటీ పెడితే కప్పు నీదే," అని నవ్వాడు. ఆ నవ్వు కూడా నేను నమ్మలేదు.

ఆదివారం దాకా నాకు ఇదే తర్జనభర్జన. చెబితే ఒట్టు పోతుంది, చెప్పకపోతే కాలు పోతుంది. అత్తగారు ఫోను చేసి "వాడెలా ఉన్నాడు?" అని అడిగితే "బాగున్నాడండీ," అన్నాను.  ఆవిడ "ఊ," అని పెట్టేశారు.

కొల్లేటికోటలో గుడి చుట్టూ జనం చేరారు. మొక్కు చూడటానికి సగం మందీ, మోకాలు చూడటానికి సగం మందీ వచ్చారు. మా ఆయన పెదనాన్నగారి అబ్బాయి ఒకాయన పక్కనే నిలబడి, "బాగానే నడుస్తున్నాడే! ఆ ఆపరేషనూ అదీ నిజమేనంటావా?" అని పక్కాయనతో అంటుంటే నాకు వినబడింది. మా మరిది చెరువులో మునిగి తడి పంచెతో వచ్చాడు. మోకాలి మీద కత్తిగాటు తెల్లగా మెరుస్తోంది. వాడు నా వైపు చూడలేదు. మా అత్తగారు పసుపు నీళ్ళు చల్లి, గుడి గుమ్మం ముందు వాడికి ఎదురుగా నిలబడ్డారు.

వాడు దణ్ణం పెట్టుకుని వంగాడు. మంచి మోకాలు నేలకి ఆన్చాడు. రెండు చేతులూ నేల మీద పెట్టాడు. రెండో మోకాలు ఆన్చబోయాడు. అది నేల దగ్గరిదాకా వచ్చి ఆగిపోయింది. వాడి మెడ మీద నరాలు తేలాయి. మళ్ళీ దించబోయాడు.

"ఆగు," అన్నారు అత్తగారు.

వాడు తలెత్తాడు.

"తగ్గితే చేయిస్తానని నేను మొక్కాను. తగ్గకుండా చేస్తే అది మొక్కు కాదు, ఆవిణ్ణి మోసం చెయ్యడం. ఆవిడ ఇవ్వనిది ఇచ్చిందని నువ్వు ఊరందరికీ చూపిస్తున్నట్టు. అమ్మవారి మొహం చూసి చెప్పు. తగ్గిందా?"

 వాడు గర్భగుడి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"తగ్గలేదమ్మా."

"మళ్ళీ ఆడతావా?"

"ఆడలేనమ్మా. ఇక ఆడలేను."

వాడి ఆట అక్కడ అయిపోయింది. గోవాలో కాదు, ఆపరేషన్ బల్ల మీదా కాదు. ఆ మాట వాడు అందరి ముందూ నోటితో పైకి అన్నది అదే మొదటిసారి. అన్నాక వాడు ఒక మోకాలి మీద అలాగే ఉండిపోయి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. మా ఆయన వెళ్ళి చంకల కింద చేతులు వేసి లేపారు. పాపం ఆయన కూడా ఏడుస్తున్నారు. నా వెనక నుంచి ఆ పెదనాన్నగారి అబ్బాయి ఊరుకోవచ్చు కదా!

"అంత బాగా నడిచేవాడికి మోకాలు ఆన్చడం అంత కష్టమా అత్తా... అదే, పిన్నీ?" కంగారులో వరస కూడా తప్పాడు.

"నీ మోకాలు కాదు కదరా," అన్నారు మా అత్తగారు. "నీది గట్టిదే అయితే నువ్వు తిరుగు. నీకే మొక్కూ అక్కర్లేదు, ఊరికే తిరుగు, చూస్తాం."

ఆయన జనం వెనక్కి జారుకున్నాడు.

సాయంత్రం చెరువు గట్టు మీద నేనూ అత్తగారూ మిగిలాం. ఆవిడ నా వైపు తిరక్కుండానే అడిగారు.

"నీకు తెలుసు కదూ?"

"తెలుసండీ."

"బాగున్నాడండీ అన్నావు చూడు, అప్పుడే నీ గొంతులో పట్టాను. అంతకుముందు నువ్వు ఎప్పుడూ అలా గబగబా చెప్పలేదు."

"మరి నన్నే అడిగెయ్యొచ్చు కదండీ అత్తయ్యా. ఇంత దూరం ఎందుకు రానిచ్చారు? వాడు నిజంగానే ఆ మోకాలు ఆన్చేసి ఉంటే?"

"నేను ఎదురుగానే ఉన్నాను కదా. ఆన్చనిస్తానా?" అన్నారావిడ. "నిన్ను అడిగితే నువ్వు చెప్పేసేదానివి. నాకది నీ నోటి వెంట వినాలని లేదమ్మాయ్. నా కొడుకు నాతో చెప్పాలి. నాకు ఎన్ని అబద్ధాలైనా చెబుతాడు గానీ ఆవిడ ముందు చెప్పడు. అందుకే అక్కడికి రప్పించాను."

 మా ఇంట్లో అందరికంటే ఎక్కువ అనుమానించేది నేనే అనుకునేదాన్ని. అత్తగారి ముందు నాదెంత!

వాడికి గూడెం స్కూల్లోనే ఉద్యోగం ఇచ్చారు. అది చెప్పినప్పుడు అత్తగారు మూడుసార్లు అడిగారు, "నిజమేనా?" అని, ఒకసారి వాణ్ణి, ఒకసారి నన్ను, ఒకసారి ఎవరికీ చెప్పకుండా ఆ స్కూలుకే ఫోను చేసి. డబ్బు తిని పడిపోయాడనేవాళ్ళు ఏలూరులో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ ముందు ఒట్లు వెయ్యడం మా మరిది మానేశాడు. ఇంట్లో మాత్రం కాలు నొప్పిగా ఉన్న రోజున నొప్పిగా ఉందనే చెబుతాడు. అదే మాకు చాలు.

పొద్దుపోయింది, ఇక లేవండమ్మా. మీ ఇంట మగపిల్లల కాళ్ళూ ఆడపిల్లల కాళ్ళూ చల్లగా ఉండాలి. ఎవరికి ఏ నొప్పి వచ్చినా దాచుకోకుండా చెప్పుకునే మనిషి మీ గడపలోనే ఉండాలి. మీ పొయ్యి ఆరకూడదు, మీ వాకిట్లో నవ్వు తగ్గకూడదు. మెట్ల దగ్గర చీకటిగా ఉంటుంది, మెల్లగా చూసుకుని వెళ్ళండి.